వేరుశనగ విత్తనమును చేనిలోనే యేరుకొనుట

ఉరవకొండ ప్రాంతపు రైతులకు వాన వశములో లేదు గాని విత్తనము వారి చేతిలోనే యున్నది. కళ్లములోని కుప్పయందు మంచి చెట్టు కాయలును, చెడ్డ చెట్టు కాయలును కలిసిపోవును. కావున పంట పీకుటకు ముందే, చేనిలోనే విత్తనపు చెట్లను గుర్తింపవలెను.

గట్టు ప్రక్కను, ఎరువుకుప్ప వేసిన చోటను, మొలకలు పలుచబడిన చోటను పెరిగిన చెట్ల పుష్టి స్థలబలమే, వానిని విడువవలెను. ఒత్తుగా మొలచిన సాళ్లలో బెట్టకు నిలిచి, తిక్క తెగులు సోకని చెట్లకు గుర్తు కట్టి, పీకినపుడు మొదలువద్ద నిండుకాయలు గుత్తిగా నున్నవానినే నిలుపుకొనవలెను. వానిని వేరుగా నెండబెట్టి, ఒలువక కాయలుగానే దాచి, మరుసటి యేడు పాత విత్తనము సరసనే విత్తి పోల్చి చూడవలెను.

వేరుశనగ పువ్వు మిక్కిలిగా తన పుప్పొడితోనే ఫలించును గనుక తల్లిచెట్టు గుణము పిల్లచెట్లకు వచ్చును. ఇట్టి యేరికచేతనే తిండివనములో గుడియాత్తము గుత్తిరకమునుండి 1940లో టి.యం.వి. 2 రకము వెలువడెను. అది అనంతపురము మెట్టచేలలో దశాబ్దములు నిలిచెను.

ఏరిన కాయలను కరవునందును తినక, అమ్మక దాచిన రైతు మరుసటి వానకు అప్పు లేకయే విత్తగలడు.