డిస్కు మంచిదే.. తాళంచెవే లేదు
సూర్యాపేట: ఇరవై ఏళ్ల క్రితం కొన్న విమానం ఆట డిస్కు కొత్త కంప్యూటర్‌లో తెరుచుకోవడం లేదా? సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల్లో ఆ డిస్కును దాచుకున్నవారు పాడైందని పారవేయనక్కర్లేదు. లోపం డిస్కులో లేదు.

మైక్రోసాఫ్ట్ 2003లో విడుదల చేసిన ‘ఫ్లైట్ సిమ్యులేటర్ 2004’కు, నకళ్లను అరికట్టేందుకు ‘సేఫ్‌డిస్క్’ అనే తాళం వేశారు. దాన్ని తెరిచే డ్రైవర్ భద్రతకు ముప్పు కావడంతో, 2015లో వచ్చిన విండోస్ 10లో దాన్ని తొలగించారు. విండోస్ 11లోనూ అది లేదు.

తాళం తొలగించిన ఫైళ్లను ఇంటర్నెట్ నుంచి దింపుకోవడం ప్రమాదకరం. వాటి వెంట వైరస్ చొరబడితే బ్యాంకు వివరాలు పరుల చేతికి చిక్కవచ్చు. అంతకన్నా విండోస్ ఎక్స్‌పీ ఉన్న పాత కంప్యూటర్‌లో ఆడుకోవడం మేలు. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014లోనే నిలిచిపోయినందున దానికి ఇంటర్నెట్ కలపరాదు. కొత్త కంప్యూటరే ఉన్నవారికి మరో దారి ఉంది. 2006 నాటి తర్వాతి ఆట ‘ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్స్’ 2014 డిసెంబరులో డిస్కు అవసరం లేకుండా ‘స్టీమ్’ ద్వారా మళ్లీ విడుదలైంది. అది విండోస్ 10లోనూ నడుస్తుంది.

ఈ రెండు ఆటలూ 2008లో శంషాబాద్ విమానాశ్రయం ప్రారంభం కాకముందే రూపొందాయి. అందువల్ల వాటిలో హైదరాబాద్‌లో దిగాలంటే నేటికీ బేగంపేటకే వెళ్లాలి.