రోగమా? దోషమా?

ఒక ఆటస్థలమును ఊహించుకొందము. సాయంకాలము అయిదు గంటల వేళ. పదునాలుగేండ్ల బాలుడొకడు చేతికి వచ్చిన బంతిని జారవిడిచినాడు. శిక్షణ యిచ్చు పెద్దమనిషి పరుగున వచ్చి, వాని చెంప ఛెళ్ళుమనిపించి, నలుగురిలో వాని తల్లిదండ్రులను కలిపి తిట్టినాడు. మరునాడు తండ్రి అడుగవచ్చెను. పాఠశాలవారు గొంతు తగ్గించి, "ఆయనకు తలలో ఏదో జబ్బున్నదటండీ. డాక్టరుగారు చెప్పినారు. పాపము!" అన్నారు. తండ్రి మారుమాట లేక తిరిగి పోయెను.

ఇది మేము కల్పించిన కథయే. కాని ఇట్టి మాట విని మారుమాట లేక తిరిగిపోయిన తండ్రులు మన యిరుగుపొరుగున లేకపోరు. ఆ 'పాపము' అను మాట శిక్షకునిపై పడినది గాని, చెంప వాచిన బాలునిపై పడలేదు. మెదడుకు రోగము వచ్చినవాడు ఇతరులకు హాని చేసినచో, ఆ రోగము వానిని బాధ్యతనుండి తప్పించునా? తప్పించినచో ఎంతవరకు?

ప్రశ్న క్రొత్తది కాదు. మత్తులో నున్నవాడును, ఉన్మత్తుడును చేసిన వ్యవహారము చెల్లదని మనుస్మృతిలోనే యున్నది. అయితే అది లావాదేవీల మాట. దెబ్బ తిన్నవాని మాట కాదు. నేరముల విషయమున నేడు మన న్యాయస్థానములు అనుసరించు సూత్రమునకు మూలము ఇంగ్లండులో నున్నది. 1843 జనవరి 20వ తేదీన డేనియల్ మెక్‌నాటన్ అను స్కాట్లండు వాసి లండను వీధిలో ఎడ్వర్డ్ డ్రమ్మండ్ అను నతనిని పిస్తోలుతో కాల్చెను. డ్రమ్మండ్ నాటి ప్రధానమంత్రి రాబర్ట్ పీల్‌కు ఆంతరంగిక కార్యదర్శి. ప్రభుత్వ పక్షమువారు తనను వెంటాడి వేధించుచున్నారని మెక్‌నాటన్ మనస్సున నాటుకొనిపోయినది. పీల్ అనుకొని డ్రమ్మండ్‌ను కాల్చినాడని చెప్పుదురు. అయిదు దినములకు డ్రమ్మండ్ మరణించెను. ముద్దాయికి మతిస్థిమితము లేదని జూరీ నిర్దోషిగ ప్రకటించగా దేశమంతట గగ్గోలు పుట్టినది. నిర్దోషి యనగా ఇంటికి పంపివేసినారని కాదు. 1865లో చనిపోవువరకు అతడు ఉన్మాద చికిత్సాలయములలోనే యుండెను. ఈ రెండవ సగమును జనులు తరచు మరచిపోవుదురు.

ఆ గగ్గోలు ఫలితముగ ప్రభువుల సభ న్యాయమూర్తులను ప్రశ్నించి సమాధానములు రాబట్టెను. వాని సారము 1860 నాటి ఇండియన్ పీనల్ కోడులో 84వ సెక్షనుగ వెలసినది. 2024 జూలై 1వ తేదీన అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అదియే 22వ సెక్షను. పని చేసిన సమయమున, మతి చెడియుండుటచేత, తాను చేయుచున్నది ఎట్టి పనియో, లేక అది తప్పనియో చట్టవిరుద్ధమనియో తెలిసికొనలేని వాని చర్య నేరము కాదని దాని తాత్పర్యము. ఇచట 'ఆ సమయమున' అను మాట ముఖ్యము. భార్యను చంపిన యొక గుజరాతు వాసి అభియోగమును 1964లో విచారించుచు మన సుప్రీంకోర్టు ఈ సంగతినే నొక్కి చెప్పినది. పూర్వము మతి చలించినదనియో, తరువాత చలించినదనియో చూపిన చాలదు. ముందు వెనుకల స్థితి సాక్ష్యముగ పనికివచ్చును గాని, తేలవలసినది ఆ ఘడియ స్థితి. అనంతరపు తీర్పులు మరియొక భేదమును స్పష్టపరచినవి. వైద్యుడు రోగమనునది యెల్ల చట్టము దృష్టిలో మతిభ్రంశము కానేరదు.

ఇంతవరకు దారి సులభముగనే యున్నది. వైద్యుడు వచ్చి కూర్చున్న తరువాత చిక్కు మొదలగును. చట్టము అడుగునది 'వీనికి తెలియునా?' అని. కాని మెదడు రోగములలో కొన్ని తెలివిని ముట్టవు. నుదుటి వెనుకనున్న మెదడు భాగము మన కోరికలకును, కోపమునకును ముకుత్రాడు వంటిది. అది దెబ్బతిన్నవానికి మంచి చెడ్డలు అడిగిన తడుముకొనక చెప్పగలడు. చెప్పిన మరుక్షణమున చెడ్డనే చేయగలడు. ఎద్దుకు దారి తెలియకపోలేదు, త్రాడు తెగినది.

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రమున 2000వ సంవత్సరమున జరిగిన సంగతి దీనికి ఉదాహరణము. నలుబదియేండ్ల ఉపాధ్యాయుడొకడు, అంతకుముందు అట్టి నడవడి లేనివాడు, బాలికయెడ అసభ్యముగ ప్రవర్తించి నేరస్థుడుగ తేలినాడు. శిక్ష విధించుటకు ముందురాత్రి భరింపరాని తలనొప్పితో ఆసుపత్రికి పోగా, మెదడు ముందుభాగమున పెద్ద గడ్డ కనబడినది. దానిని తీసివేయగనే ఆ వికారము పోయి, అతడు కుటుంబమును చేరుకొనెను. కొంతకాలమునకు తలనొప్పియు, ఆ బుద్ధియు తిరిగి తలయెత్తినవి. పరీక్షింపగా గడ్డ మరల పెరిగియుండెను. రెండవ మారు దానిని తొలగించిరి. ఆ వైద్యులు ఈ వృత్తాంతమును 2003లో ప్రకటించినారు. తాను చేయునది తప్పని యతనికి తెలియుచునే యున్నది, నిగ్రహించుకొనలేకపోయెను. మన సెక్షను ముందు నిలిచినచో ఇతనికి అది అక్కరకు రాదు, ఏలన 'తెలిసినవాడు' గనుక. ఇది ఆ సూత్రములోని లోటని మా యభిప్రాయము. శిక్ష ఎంత యనునపుడు న్యాయమూర్తి రోగమును తలచుకొనవచ్చును గాని, అది దయ, హక్కు కాదు.

అయినను గాయపడిన మెదడు గలవాడెల్ల చేయిదాటిపోవునని తలంపరాదు. ఇట్టి ప్రసంగములందు ఫినియాస్ గేజ్ పేరు రాకతప్పదు. 1848లో వెర్మాంట్ రాష్ట్రమున రైలుదారి పనిలో మూడడుగులకు మించిన ఇనుపగడ యొకటి అతని చెంప క్రిందుగ దూరి మాడు చీల్చుకొని వెడలినది. అతడు బ్రదికెను గాని మాట దురుసై, పూర్వపు మనిషి కాకపోయెనని వైద్యుడు వ్రాసినాడు. కథ చెప్పువారు అక్కడ ఆగుదురు. అదే గేజ్ తరువాత దక్షిణ అమెరికాలోని చిలీ దేశమునకు పోయి, కొన్ని సంవత్సరముల పాటు గుఱ్ఱపు బండ్లు తోలి జీవించినాడు. సమయమునకు బండి కట్టి, ప్రయాణికులతో మెలగి, కొండదారుల తోలుట నిగ్రహము లేనివాని వలన కాదు.

ఫ్రాంటోటెంపోరల్ డిమెన్షియా అను రోగమున్నది. సామాన్యముగ 45, 65 ఏండ్ల నడుమ మొదలై, జ్ఞాపకమునకంటె ముందు మర్యాదను, జాలిని తినివేయును. కాలిఫోర్నియాలో మతిక్షయ రోగులు 2,397 మంది చరిత్రలను పరిశీలించి 2015లో ప్రకటించిన యొక నివేదిక కలదు. ఈ రోగమున నడవడిని చెరచు రకము వచ్చినవారిలో నూటికి 37 మంది చట్టము నతిక్రమించు పనులు చేసినట్లు తేలినది. అల్‌జీమర్స్ వచ్చినవారిలో నూటికి 8 మందికి లోపే. మొదటి సంఖ్య పెద్దదే. దానిని తిరుగవేసి చదివిన, అదే రోగము గల తక్కిన 63 మంది అట్టి పనులు చేసినట్లు కానరాదు. రోగమున్నదని చెప్పుట ఒకటి, ఈ పని ఆ రోగము చేసినదని చెప్పుట మరియొకటి.

ఇక ఆటస్థలమునకు మరలుదము. క్రీడాశిక్షకుని సంగతి ప్రత్యేకముగ ఎందుకు ఎత్తుకొనవలె ననగా, అతని చేతిలో నున్న అధికారమునుబట్టి. జట్టులో ఎవరుండవలెనో అతడే నిర్ణయించును. సర్టిఫికెట్టు, దానివెనుక కాలేజీ సీటు, స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగము, ఇవన్నియు ఆయన సంతకమున వ్రేలాడుచుండును. 'దండం దశగుణం భవేత్' అను వాక్యము నోట నుంచుకొని కొట్టువానిని తల్లిదండ్రులే మెచ్చుకొందురు. పిల్లవాడు ఎచటికి పోవును?

మరియు శిక్షకులలో అనేకులు పూర్వము తాము దెబ్బలు తిన్న ఆటగాండ్రు. ముష్టియోధులకు తలదెబ్బల వలన వచ్చు మాంద్యమును 1928లో హారిసన్ మార్ట్‌లండ్ అను అమెరికా వైద్యుడు వర్ణించెను. తరువాత అమెరికను ఫుట్‌బాలు ఆటగాండ్రలోను అట్టి క్షయము బయటపడినది. దానిని నేడు సి.టి.ఇ. అందురు. ఆరన్ హెర్నాండెజ్ అను ప్రసిద్ధ క్రీడాకారుడు ఓడిన్ లాయిడ్ అను నతనిని 2013లో హత్య చేసినట్లు 2015లో న్యాయస్థానము తీర్పు చెప్పినది. 2017లో, 27 ఏండ్ల వయస్సున, అతడు చెరలోనే మరణించెను. మెదడును పరీక్షించిన బోస్టను విశ్వవిద్యాలయమువారు, ఆ వయస్సున తాము కనివిని యెరుగనంత ముదిరిన రోగమును చూచినారు. రోగము నిజము. హత్యకు ఆ రోగమే కారణమని సూక్ష్మదర్శిని చెప్పజాలదు. పైగా ఈ రోగము మరణానంతరమున మెదడును కోసి చూచినగాని నిశ్చయముగ తేలదు. కనుక మన కన్నుల యెదుట తిరుగుచున్న శిక్షకునికి 'అదియే ఉన్నదట' అనువారు ఊహనే చెప్పుచున్నారు.

ఊహ ఎచట తప్పునో చూపుటకు మరియొక శిక్షకుని తలచుకొందము. ఓహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయపు ఫుట్‌బాలు శిక్షకుడు ఉడీ హేస్ 1951 మొదలు 28 ఆటకాలములు జట్టును నడిపినాడు. 1978 డిసెంబరు 29న క్లెమ్సన్ జట్టుతో జరిగిన పోటీలో, తమ బంతిని పట్టుకొన్న ఎదుటి జట్టు కుఱ్ఱవానిని, చార్లీ బామన్‌ను, టెలివిజను చూచుచుండగా పిడికిలితో గుద్దెను. మరునాడు ఉద్యోగము ఊడినది. శరీరము బాగులేక అట్లు చేసినాడని సమర్థించినవారు లేకపోలేదు. కాని 1971లో ఆయన మైదానపు గుర్తుకంబములను విరిచి పారవేసినాడు. 1977లో టెలివిజను కెమెరామనుపై చేయి చేసికొన్నాడు. గెలుచుచున్నంత కాలము ఇది 'పట్టుదల' అనిపించుకొన్నది. ఓడి, అందరి కన్నులబడిన నాడు మాత్రము కారణములు వెదకిరి. ఇచట దోషము ఆయనది మాత్రమే కాదు. చూచుచు ఊరకున్న పెద్దలది కూడ.

కనుక ఇట్టి మాట వినవచ్చినపుడు మేము ముందుగ అడుగునది: ఈయన కోపము ఎవరిపైని లేచుచున్నది? కలెక్టరు వచ్చిన నాడు, అసోసియేషను అధ్యక్షుడు వచ్చిన నాడు చేతులు కట్టుకొని నిలువగలిగి, పిల్లలు మాత్రమే ఉన్నపుడు చేయి లేచునేని, ముకుత్రాడు తెగలేదు; సడలించుకొన్నాడు. నిజముగ రోగము ముదిరినవాడు పై అధికారిని, ఇంటి అల్లునిని, దారిన పోవు పోలీసును కూడ అదే విధమున పలుకును. ఇది తిరుగులేని పరీక్ష కాదు. ఎదుటివారినిబట్టి రోగి నిగ్రహము కొంత హెచ్చుతగ్గులగుట కలదు. అయినను పది డాక్టరు చీట్ల కంటె ఇది మనకు ఎక్కువ చెప్పును.

సరే, రోగమే నిజమనుకొందము. అప్పుడు తగ్గునది శిక్ష. బాలుని చెంపదెబ్బ తగ్గదు. వానికి రావలసిన క్షమాపణ తగ్గదు. ఇక ఆయనను ఆ స్థానమున ఉంచుట యందురా, పాఠశాలవారు చెప్పిన కారణమే వారికి ఎదురు తిరుగుచున్నది. కోపిష్ఠిని మందలించి మార్చవచ్చును. మెదడు క్షయించుచున్నవానిని మందలింపు మార్చదు. అట్టివానికి పిల్లలను అప్పగించుట తెలిసి చేసిన తప్పగును. బాలలను శారీరకముగ దండింపరాదు, మానసికముగ వేధింపరాదు అని 2009 నాటి విద్యాహక్కు చట్టపు 17వ సెక్షను శాసించుచున్నది. అది కొట్టినవాని మెదడు స్థితిని విచారించి పిల్లవానిని కాపాడుమనలేదు.

రోగము వచ్చిన శిక్షకులు అందరును ఒకే తీరుగ నడుచుకొనలేదు. టెన్నెసీ విశ్వవిద్యాలయమున స్త్రీల బాస్కెట్‌బాలు జట్టును ఎనిమిది మారులు జాతీయ విజేతగ నిలిపిన పాట్ సమ్మిట్ 2011 ఆగస్టులో తనకు చిన్నవయస్సు అల్‌జీమర్స్ వచ్చినదని తానే లోకమునకు తెలిపెను. అప్పటికామెకు 59 ఏండ్లు. ఆమె ఎవరికిని హాని చేయలేదు. అయినను తన తీర్పుపై తానే కాపలా పెట్టుకొన్నది. ఆ యేడు పనిభారమును చాలవరకు సహాయ శిక్షకులకు అప్పగించి, 2012 ఏప్రిలులో పదవినుండి తప్పుకొన్నది. మతి పూర్తిగ చెడక ముందు, తెలిసియున్న దినములలో, మనిషి చేయగల పని ఇది యొకటి కలదు.

అందరికిని ఆ తెలివిడి యుండదు. ఫ్రాంటోటెంపోరల్ రోగమున మొదట పోవునది తనకు రోగమున్నదను ఎరుకయే. కావున బరువు ఇంటివారిపై పడును. జీవితమంతయు సౌమ్యుడైన మనిషి యాబదియవ పడిలో చావింట నవ్వుట, ముక్కు మొగము తెలియనివారిని తిట్టుట, లెక్కలేక అప్పులు చేయుట కనబడినపుడు దానిని చాదస్తమని త్రోసివేయరాదు. మార్పు ఏ నెలలో మొదలైనదో వ్రాసియుంచుకొని, ఆయనను పూర్వమునుండి ఎరిగినవారొకరు వెంట నరముల వైద్యుని కడకు పోవలెను. రోగి 'నాకేమియు లేదు' అనియే చెప్పును. ఈ రోగమును ఆపగల మందు ఇంతవరకు లేదు. గడ్డయో, మరియొకటియో అయినచో చికిత్స కలదు. అది తెలియవలెనన్నను పరీక్ష చేయింపవలసినదే.

మా కల్పనలోని ఆ తండ్రి మరల పాఠశాలకు పోయినచో అడుగవలసిన మాటలు పెద్దవి కావు. "ఆయనకు జబ్బైన మంచి వైద్యము చేయింపుడు, మేమును సంతోషింతుము. రేపు సాయంకాలము అయిదు గంటలకు మా పిల్లల ముందు ఎవరు నిలువబోవుచున్నారు? మావాని దగ్గరకు వచ్చి, నీ తప్పు కాదు నాయనా అని చెప్పువారెవరు?"