వేసవికి ముందే అడవికి కాపుదల

2014 మార్చిలో తిరుమల చెంత శేషాచలపుటడవులు కాలినప్పుడు నిప్పునార్పుటకు వాయుసేన హెలికాప్టర్లు రావలసివచ్చెను. దానికి ఉత్తరముననున్న నల్లమలయందును ప్రతి వేసవిలో ఇట్టి భయమే. శివరాత్రి నాటికి చెట్లు ఆకు రాల్చును. వానలకు పెరిగిన గడ్డి ఎండి నిలుచును. మంట లేచిన పిమ్మట దాని వెంట పరుగెత్తుటకన్న, ముందే దాని మేతను తగ్గించుట మేలు కాదా?

అగ్నికి వేడిమి, గాలి, ఇంధనము కావలెను. మొదటి రెంటిని మన మాపజాలము. మూడవది మాత్రము కొంత మన చేతిలో నున్నది. అట్లని అడవినంతటిని ఊడ్చివేయరాదు. రాలిన ఆకు కుళ్ళి నేలకు సారమిచ్చును. వాననీటిని పట్టి నిలుపును. ఎచ్చట తీయవలెను, ఎచ్చట విడువవలెను అనునదే అసలు ప్రశ్న.

ముందు నిప్పు పుట్టు చోటును చూడవలెను. మన అడవులలో నిప్పు చాలవరకు మనుష్యుని వలననే పుట్టును. ఇప్పపువ్వు ఏరుటకై చెట్టు క్రింది ఆకును కాల్తురు. తునికి చిగురు బాగుగ వచ్చునని పొదలకు నిప్పు పెట్టుదురు. బాటసారులు ఆర్పని చుట్టను పారవైతురు. కనుక బాటల వెంబడి, గూడెముల చుట్టును పని మొదట జరుగవలెను.

తరువాత నిప్పు నడకను చూడవలెను. కొండవాలున మంట తన పైనున్న గడ్డిని ముందే వేడిచేయుటచే వేగముగ ఎగబ్రాకును. శిఖరము చేరిన పిదప నెమ్మదించును. అందుచే గడ్డిగాదములు లేని వెడల్పు చాళ్ళను, అనగా అగ్నిరేఖలను, కొండ నెత్తములపై తీయుదురు. అందలి గడ్డిని వేసవి ముదురకముందే, గాలి లేని వేళ, కావలివారి యెదుట కాల్తురు. ఇది అటవీశాఖవారి పని. ఇతరులు నిప్పు పెట్టుట నేరము.

లాంటానా పొదలు నేలమంటకు నిచ్చెనలగును. వీనిని నరికిన మరల చిగుర్చును. వేరు మొదలుతో పెకలింపవలెను.

పెనుగాలికి నిప్పురవ్వలు అగ్నిరేఖను దాటవచ్చును. అయినను ఆర్పువారికి నిలువ చోటు దొరకును. మంట బలము తగ్గును. లేమొక్కలు కొన్నియైన బ్రతుకును. శివరాత్రికి శ్రీశైలము నడచిపోవు శ్రోతలు వంట ముగియగానే పొయ్యిలో నీరు పోసి, బూడిదను తాకి చూచి కదలినచో, ఈ కాపుదలలో వారికిని పాలు కలుగును.