డబ్బా మూతలు తీసిన యుద్ధపు కత్తి

న్యూజెర్సీలో మా తమ్ముడి ఇంట్లో ఆ కత్తిని మొదటిసారి ఒరలోంచి లాగి చూశాను. పేరు కే-బార్. మెరుపన్నది లేదు. వాడి వాడి మాడిన ఇనప్పెనంలా నల్లగా, మందంగా ఉంది. అలుగు 7 అంగుళాలు, పిడితో కలిపి దాదాపు 12. ఇంత అలుగుకి మొన కిందికి గుంజుతుందనుకున్నాను. వేలి మీద ఆనించి చూస్తే, పిడి మొదలయ్యే చోటుకి దగ్గర్లోనే తూగింది.

పిడి ఇంకా నచ్చింది. గుండ్రటి తోలు బిళ్ళల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి, గట్టిగా అదిమి, నున్నగా చెక్కి, చుట్టూ గాళ్ళు పెట్టారు. ఆ బిళ్ళల నడుమ నుంచి అలుగు తోక సన్నగా వెనకదాకా సాగి, చివరి ఉక్కు బిళ్ళకి బిగుసుకుంటుంది. చెమట చేతిలోనూ ఈ పిడి జారదు.

దీని కథ మొదటి ప్రపంచ యుద్ధం నాటి కందకాల్లో మొదలవుతుంది. 1918లో అమెరికా సైన్యం చేయించిన కందకపు కత్తికి నాలుగు వేళ్ళూ దూర్చే కంచు పిడి ఉండేది. గుద్దడానికి, పొడవడానికి తప్ప దేనికీ పనికిరాదు. ఎటు కావాలంటే అటు తిప్పి పట్టుకునే వీలే లేదు. రెండో యుద్ధంలో మెరైన్ రైడర్లనే దాడి దళాల చేతికిచ్చిన బాకు మరీ నాజూకు. దానితో డబ్బా మూత తీయబోతే మొన విరిగేది. పసిఫిక్ దీవుల అడవిలో సైనికుడికి పొద్దస్తమానం ఉండే పనులేమో పెట్టె పగలగొట్టడం, తీగ తెంపడం, గుంట తవ్వడం, గుడారం మేకు దిగ్గొట్టడం. కొందరు సొంత డబ్బుతో వేట కత్తులు కొనుక్కుని వెళ్ళారు.

ఆ వేట కత్తుల పోలికలోనే 1942లో కొత్త కత్తి రూపుదిద్దుకుంది. కల్నల్ జాన్ ఎం. డేవిస్, మేజర్ హోవార్డ్ ఇ. అమెరికా అనే ఇద్దరు మెరైన్ అధికారులు కామిలస్ అనే కత్తుల కంపెనీ పనివాళ్ళతో కూర్చుని దాన్ని తీర్చారు. అదే ఏడాది నవంబర్‌లో మెరైన్ దళం ఆమోదించింది. కామిలస్‌తో పాటు మరికొన్ని కంపెనీలూ చేశాయి. పేరు మాత్రం న్యూయార్క్ రాష్ట్రం ఓలియన్‌లోని యూనియన్ కట్లరీ ముద్రది నిలిచింది. ఆ ముద్రకీ ఓ కథ చెబుతారు: తుపాకీ మొరాయిస్తే వాళ్ళ కత్తితోనే ఎలుగుబంటిని చంపానని ఒక వేటగాడు ఉత్తరం రాశాడట. ఆ కోడిగీతల్లో ‘కిల్ ఎ బేర్’ అన్నది కే-బార్‌లా కనిపించిందట.

అలుగు పొడవునా ఒక గాడి ఉంది. రక్తం కారడానికని చాలామంది అంటారు, అది అపోహ. అంచుతో నరికేటప్పుడు వంపుని ఎదుర్కొనేది ఎక్కువగా అలుగు వీపూ అంచూ. నడుమ కాస్త లోహం తీసేస్తే బరువు తగ్గుతుంది, బలం పెద్దగా పోదు.

ఇప్పటి కే-బార్ ఉక్కుని 1095 క్రో-వాన్ అంటారు. అందులో కార్బన్ సుమారు 1 శాతం. ఎర్రగా కాల్చి ఒక్కసారిగా చల్లారిస్తే, ఆ కార్బన్ బయటపడే వ్యవధి లేక ఇనుప స్ఫటికాల్లోనే ఇరుక్కుపోతుంది. గట్టిదనమంతా ఆ ఇరుకులోంచే వస్తుంది. అలా వదిలేస్తే మాత్రం గట్టి దెబ్బకి గాజులా పగులుతుంది. అందుకే మళ్ళీ ఎర్రబడనంత వేడి మీద కాస్త కాచి, కొంత గట్టిదనం పోగొట్టి, ఆ మేరకు దెబ్బకి ఓర్చే గుణం తెప్పిస్తారు. కొలిమి దగ్గర కూర్చున్న కమ్మరికి కష్టమైన ఘడియ ఇదే. కొడవలైనా, కే-బారైనా ఇక్కడ తప్పితే మళ్ళీ మొదటి నుంచి కాల్చాల్సిందే.

ఈ ఉక్కులో క్రోమియం ఉంది గాని, తుప్పు ఆపేటంత లేదు. దానికి 10 శాతం పైనే కావాలి. అలుగుకి నల్లపూత కొంత కాపు. సానపట్టిన అంచుకి ఆ పూతా ఉండదు.

ఆ అంచుతోనే నిమ్మకాయ కోశాం. మాటల్లో పడి కడగడం ఆలస్యమైంది. ఆవకాయ రోజుల్లో అమ్మ కత్తిపీట మీద పడే బూడిదరంగు మరకే అచ్చంగా అక్కడా పడింది. తమ్ముడు గబగబా తుడిచి, రెండు చుక్కల నూనె రాసి ఒరలో పెట్టబోయి ఆగాడు. తోలు ఒర తేమ పట్టి ఉంచుతుందట. కత్తిని విడిగా అలమరలో పెట్టాడు.