జంతు కథలు, పాత కథల పునఃకథనం: ఉపేంద్రకిశోర్ రాయ్ చౌధురి

బాలసాహిత్యం చదివే విద్యార్థికి ఒక సందేహం తప్పకుండా కలుగుతుంది. అమ్మమ్మలు, నాయనమ్మలు తరతరాలుగా చెబుతూ వచ్చిన కథను ఒకరు కాగితం మీద పెడితే ఆయనను రచయిత అనవచ్చా? కథ ఆయన కల్పించింది కాదు. పిట్ట, పిల్లి, నక్క, పులి ఆయన సృష్టించిన పాత్రలు కావు. మరి ఆయన చేసిన పని ఏమిటి? ఈ ప్రశ్నను పరిశీలించడానికి బెంగాలీ రచయిత ఉపేంద్రకిశోర్ రాయ్ చౌధురి (1863-1915) పుస్తకాలు ఎంతో అనువుగా ఉంటాయి. సినిమా దర్శకుడు సత్యజిత్ రాయ్‌కి తాతగా మనలో చాలామందికి ఆయన పేరు తెలుసు. బెంగాలీ పిల్లలకు మాత్రం ఆయన ముందుగా టున్‌టుని పిట్ట కథలు చెప్పినాయన.

ఉపేంద్రకిశోర్ అవిభక్త బెంగాల్‌లోని మైమన్‌సింగ్ జిల్లా మసువా గ్రామంలో పుట్టారు. ఆ ప్రాంతం నేడు బంగ్లాదేశ్‌లో ఉంది. తల్లిదండ్రులు పెట్టిన పేరు కామదారంజన్. చిన్నతనంలోనే బంధువైన జమీందారు హరికిశోర్ దత్తత తీసుకొని పేరు మార్చారు. చదువు కోసం కలకత్తా వెళ్లి, అక్కడ బ్రహ్మసమాజంలో చేరి, ఆ నగరంలోనే స్థిరపడ్డారు. చిత్రలేఖనం, సంగీతం, అచ్చుపని, రచన అన్నీ ఆయనకు ఇష్టమైనవే.

అచ్చుపని సంగతి కొంత వివరంగా చెప్పుకోవాలి. పిల్లల కోసం తిరగరాసిన రామాయణానికి ఆయన స్వయంగా బొమ్మలు వేశారు. ఆ రోజుల్లో బొమ్మను చెక్క దిమ్మె మీద చెక్కించి అచ్చువేసేవారు. చెక్కడంలో ఆయన గీతలు పాడైపోయాయి. మరొకరైతే ముద్రాపకుణ్ణి నాలుగు మాటలని ఊరుకునేవారు. ఈయన ఇంగ్లండు నుంచి పరికరాలు తెప్పించుకొని, హాఫ్‌టోన్ ముద్రణను సొంతంగా నేర్చుకొని, 1895లో తన సంస్థను ప్రారంభించారు. ఆ విద్యలో ఆయన చేసిన పరిశోధనలు ఇంగ్లండులోని పెన్‌రోజ్ వార్షిక సంచికల్లో వ్యాసాలుగా వెలువడ్డాయి. పిల్లల పుస్తకంలో బొమ్మ సరిగా రాలేదన్న అసంతృప్తి ఒక మనిషిని ఎంత దూరం నడిపించిందో గమనించండి.

టున్‌టుని కథలు ఎక్కడివి?

'టున్‌టునిర్ బోయ్', అంటే 'టున్‌టుని పుస్తకం', 1910లో వెలువడింది. టున్‌టుని అంటే ఆకులను కుట్టి గూడు కట్టుకొనే చిన్న పిట్ట. పుస్తకానికి రాసిన చిన్న ముందుమాటలో ఉపేంద్రకిశోర్ ఈ కథలు తనవని చెప్పుకోలేదు. సాయంత్రం పిల్లలు అన్నం తినకుండానే నిద్రకు జోగుతుంటే, తూర్పు బెంగాల్‌లో కొన్నిచోట్ల ఆడవాళ్లు వారిని మేలుకొలిపి ఉంచడానికి ఈ కథలు చెబుతారని రాశారు.

ఈ సమాచారం చిన్నదిగా కనిపించినా ఈ పాఠానికి కీలకం. మనం సాధారణంగా కథ నిద్రపుచ్చడానికి అనుకుంటాం. ఇవి నిద్ర ఆపడానికి చెప్పినవి. ముద్ద నోట్లోకి వెళ్లేదాకా పిల్లవాడు కళ్లు తెరిచి ఉండాలి. అందువల్ల కథ ఆగకూడదు, వర్ణనలు ఉండకూడదు, అడుగడుగునా ఏదో ఒకటి జరగాలి, పిల్లవాడు తానూ అందుకొని పలికే మాట మళ్లీ మళ్లీ రావాలి. కథ ఏ అవసరంలోంచి పుట్టిందో దాని రూపం ఆ అవసరాన్ని బట్టే ఉంటుంది.

ఒక కథను చూద్దాం. రాజుగారి పెట్టెలోని డబ్బు ఎండలో ఆరబోస్తారు. సాయంత్రం ఒక నాణెం మరిచిపోతారు. తోటలో ఉండే టున్‌టుని దాన్ని గూటికి తీసుకుపోయి, రాజు దగ్గరున్నది నా దగ్గరా ఉందని పాడుతుంది. రాజు నాణెం తెప్పించుకుంటాడు. పిట్ట డబ్బు లాక్కున్నాడు, రాజెంత ఆశపోతు అని పాడుతుంది. తిరిగి ఇచ్చేస్తాడు. రాజు భయపడ్డాడని పాడుతుంది. ఇక లాభం లేదని పట్టి తెప్పించి వేయించమంటాడు. ఏడుగురు రాణులు ముచ్చటపడి చేతులు మార్చుకుంటూ చూస్తుండగా పిట్ట జారిపోతుంది. రాణులు భయపడి కప్పను వేయించి పెడతారు. రాజు మెచ్చుకొని తింటాడు; ఏం తిన్నాడో పిట్ట ఊరంతా వినిపించేలా పాడుతుంది. రాజు రాణుల ముక్కులు కోయిస్తాడు. తరువాత పిట్టను పట్టించి మింగేస్తాడు. అది త్రేన్పుతో బయటపడుతుంది. మళ్లీ మింగి, పక్కన కత్తితో భటుణ్ణి నిలబెడతాడు. ఈసారి వాంతితో బయటికొచ్చిన పిట్టకు వేసిన కత్తివేటు రాజు ముక్కుకే తగులుతుంది.

ఈ కథలో నీతి ఏమిటి? పరీక్షలో ఇలా అడిగితే జవాబు రాయడం కష్టం. పిట్ట ధర్మాత్మురాలు కాదు. నాణెం దానిది కూడా కాదు. కానీ రాజు ఏం చేసినా పిట్టకు పాట దొరుకుతుంది: తీసుకుంటే ఆశపోతు, ఇస్తే పిరికివాడు. ఖజానా నిండా డబ్బున్నవాడు ఒక్క నాణెం దగ్గర నవ్వి ఊరుకోలేకపోవడమే కథంతా నడిపిస్తుంది. పెద్దల మాటకు ఎదురు చెప్పలేని వయసులో ఉన్న శ్రోతకు ఈ ఆనందం ఎందుకు కలుగుతుందో వేరే చెప్పనక్కరలేదు.

పంచతంత్ర సంప్రదాయంతో పోలిక

మీకు తెలిసిన పరవస్తు చిన్నయసూరి 'నీతిచంద్రిక' (1853)ను దీని పక్కన పెట్టి చూడండి. అక్కడా జంతువులే మాట్లాడతాయి. అయితే అవి రాజనీతి, లోకనీతి మాట్లాడతాయి. కథలో కథ వస్తుంది. ప్రతి సంఘటన ఒక సూక్తికి ఉదాహరణగా నిలుస్తుంది. మిత్రలాభం, మిత్రభేదం భాగాలను సూరి వ్యాకరణబద్ధమైన గ్రాంథిక వచనంలో రాశారు. విద్యార్థి కథతో పాటు భాషా నేర్వాలన్నది అక్కడి లక్ష్యం.

ఉపేంద్రకిశోర్ నడిచిన దారి వేరు. బెంగాలీలోనూ మన గ్రాంథికం వంటి 'సాధు భాష', వాడుకకు దగ్గరైన 'చలిత భాష' అని రెండు ఉన్నాయి. టున్‌టుని పుస్తకంలో పెద్దలు చదివే ముందుమాట సాధు భాషలో ఉంది. పేజీ తిప్పి కథలోకి వెళ్తే భాష మారిపోతుంది. అక్కడ ఇంట్లో మాట్లాడే క్రియారూపాలు కనిపిస్తాయి. అది 1910. తెలుగునాట గిడుగు రామమూర్తి వ్యావహారిక భాష కోసం వాదించింది కూడా ఆ దశకంలోనే అని గుర్తు చేసుకుంటే ఆ ఎంపిక బరువు తెలుస్తుంది. సూరి తక్కువ, రాయ్ ఎక్కువ అని ఇక్కడ తీర్పు చెప్పడం లేదు. ఒకరు తరగతి గదికి రాశారు, మరొకరు అన్నం పీట దగ్గరకు రాశారు.

జానపద కథల విషయంలో మాత్రం పోలికలు దగ్గరగా ఉన్నాయి. ఒక మేకపిల్ల గడ్డి మేసి పొట్ట బరువెక్కి, నక్క బొరియలో తలదాచుకుంటుంది. నక్క వచ్చి ఎవరని అడిగితే, తన పేరు నరహరి దాసు అనీ, పులులను గుంపులుగా మింగుతాననీ చెబుతుంది. నక్క పరుగున పోయి పులిని తెస్తుంది. పులి పారిపోతే తనను వదిలేస్తుందని భయపడి, దాని తోకకు తనను కట్టించుకొని మరీ వస్తుంది. పది పులులకు డబ్బిస్తే ఒక్కటే తెచ్చావేమని మేకపిల్ల గద్దిస్తుంది. పులి నక్కను ఈడ్చుకుంటూ పరుగు లంకించుకుంటుంది. మనం 'మేకపోతు గాంభీర్యం' అనే మాట వెనకనున్న కథలో మేక సింహం గుహలో చేరి ఇలాగే గట్టెక్కుతుంది. తోకకు కట్టుకున్న నక్క మాత్రం బెంగాలీ కథకు ప్రత్యేకమైన సొగసు.

మరో కథలో మంగలి తన కురుపు కోయనన్నాడని టున్‌టుని రాజుతో ఫిర్యాదు చేస్తుంది. రాజు వినడు. రాజు పొట్ట కొరకమని ఎలుకను, ఎలుకను పట్టమని పిల్లిని, తరువాత కర్రను, నిప్పును, సముద్రాన్ని, ఏనుగును వరసగా అడుగుతుంది. ఎవరూ కాదంటారు. చివరికి దోమ ఒప్పుకోగానే వరస వెనక్కి తిరిగి మంగలి దాకా వస్తుంది. ఇటువంటివాటిని గొలుసు కథలంటారు. మన ఏడు చేపల కథ ఈ కోవలోదే, కానీ నడక వేరు. అక్కడ చేప ఎందుకు ఎండలేదని కారణం అడుగుతూ పోతే ఒకరు మరొకరి మీద తప్పు నెడతారు. చీమ దగ్గర ఆగుతుంది. రెండు చోట్లా చివరి మాట అతి చిన్న ప్రాణిదే.

పునఃకథకుని పని

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. వాడుకలో ఉన్న కథకు ఒకే పాఠం ఉండదు. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అన్నది రాసేవాడు తేల్చుకోవాలి. ముక్కులు కోయడం, కప్ప వేపుడు ఈనాటి సంపాదకులు చాలామంది తీసేస్తారు. ఉపేంద్రకిశోర్ ఉంచారు. ఉంచినా వాటి మీద నిలబడరు. రక్తం, ఏడుపు వర్ణించరు. ఒక్క వాక్యంలో దాటి పాట దగ్గరకు వెళ్లిపోతారు. నా దృష్టిలో ఆయన రచనాశక్తి అక్కడే ఉంది. నోటిమాటలో గొంతు, చేతులు, కళ్లు చేసే పనిని కాగితం మీద వాక్యం వేగంతో చేయించారు. రాణుల శిక్ష నేటి పాఠకులకు ఇబ్బంది కలిగిస్తుందన్న అభ్యంతరం సబబే. అయితే ఆ ఘట్టం తీసేస్తే రాజు ముక్కు తెగినప్పుడు తీరే లెక్క కూడా పోతుంది.

పాతకథలో కాలాన్ని ఎలా చొప్పిస్తారో చూడాలంటే మజంతాలీ సర్కార్ అనే పిల్లి కథ చదవాలి. కాగితం, కలం పట్టుకొని అడవికి వెళ్లి పులి పిల్లలను శిస్తు కట్టమని దబాయిస్తుంది. పులి కుటుంబం హడలిపోతుంది. జమీందారీ గుమాస్తాను చూసిన ఊళ్లో ఈ కథ ఎందుకు నవ్వించిందో ఊహించవచ్చు.

1913లో ఆయన 'సందేశ్' పిల్లల పత్రిక ప్రారంభించారు. బెంగాలీలో ఆ మాటకు వార్త అనీ, మిఠాయి అనీ రెండు అర్థాలు. 1915లో ఆయన మరణించాక కుమారుడు సుకుమార్ రాయ్ దాన్ని నడిపారు. ఆగిపోయిన పత్రికను 1961లో సత్యజిత్ రాయ్ మిత్రునితో కలిసి పునరుద్ధరించారు. తాతగారి గూపీ, బాఘా కథను 1969లో ఆయన సినిమాగా తీశారు. అది కూడా పునఃకథనమే, ఈసారి వేరే మాధ్యమంలో.

అభ్యాసం: మీ ఇంట్లో పెద్దలు చెప్పే జంతు కథ ఒకటి వారి మాటల్లోనే రాసుకోండి. తరువాత అదే కథను ఎనిమిదేళ్ల పిల్లలు చదువుకొనేలా రెండు పేజీల్లో తిరగరాయండి. మీరు వదిలేసినవి, చేర్చినవి మార్జిన్‌లో గుర్తించి, ఒక్కొక్కదానికి కారణం రాయండి. కథ చెప్పినవారి పేరు, ఊరు పైన రాయడం మరవకండి.