లేత్‌పై ఇంజిన్ పుల్లీకి గట్టి పట్టు

ఇంజిన్ పుల్లీకి కొలతలన్నీ మొదలయ్యేది నడిమి బోర్ దగ్గరే. షాఫ్టు కూర్చునేది అందులోనే కాబట్టి, బెల్టు నడిచే గాడి బోర్‌తో ఏకకేంద్రంగా ఉండాలి. తేడా వస్తే బెల్టు చుట్టుచుట్టుకూ బిగుస్తూ, వదులవుతూ కొట్టుకుంటుంది. బేరింగులూ త్వరగా అరుగుతాయి. పుల్లీని లేత్‌పై ఎలా పట్టాలన్నది తేల్చేది ఈ అవసరమే.

ఇళ్లలో వాడే చిన్న లేత్‌లకు ఎక్కువగా త్రీ-జా చక్ ఉంటుంది. మూడు జాలూ కలిసి కదులుతాయి గనుక బిగించడం తేలిక. కానీ పాతబడిన చక్‌లో మిల్లీమీటరులో పదోవంతు తేడా మామూలే. పైగా చాలా పుల్లీలు పోత ఇనుమువి. పలుచని అంచును అతిగా బిగిస్తే పగలవచ్చు. పగలకపోయినా మూడుచోట్ల నొక్కుకుంటుంది. చక్ విప్పాక, కోసిన భాగం గుండ్రంగా మిగలదు.

ఫోర్-జా చక్‌లో ఒక్కో జా విడిగా కదులుతుంది. డయల్ గేజ్ మొనను బోర్ గోడకు ఆనించి, చక్‌ను చేత్తో ఒక చుట్టు తిప్పాలి. ముల్లు మొత్తం 0.40 మి.మీ. కదిలితే పుల్లీని జరపాల్సింది అందులో సగం, 0.20 మి.మీ. మాత్రమే. ఒక జాను వదులు చేసి, ఎదుటి జాను బిగిస్తూ సరిచేయాలి. పుల్లీ ముఖం పక్కలకు ఊగుతోందేమో కూడా చూడాలి. జాల కింద రాగి రేకు పెడితే గాట్లు పడవు.

బోర్ బాగున్నప్పుడు మేలైన మార్గం మాండ్రెల్. ఉక్కు కడ్డీని చక్‌లో బిగించి, బోర్‌లో బిర్రుగా పట్టేలా, వెనుక ఒక మెట్టు మిగిల్చి తరగాలి. కొసన మర కోసుకోవాలి. కడ్డీని చక్‌లోంచి తీయకుండానే పుల్లీని ఎక్కించి, వాషరు వేసి నట్టు బిగిస్తే అది కేంద్రంలోనే ఉంటుంది. బయటి కొసకు టెయిల్‌స్టాక్ సెంటర్ ఆనిస్తే వణుకు తగ్గుతుంది.

ఇక్కడ జారిపోయే ప్రమాదం ఉంది. 25 మి.మీ. మాండ్రెల్‌పై 200 మి.మీ. పుల్లీ అంచును కోస్తుంటే, టూల్ బలం పనిచేసే దూరం బోర్ వ్యాసార్ధానికి ఎనిమిది రెట్లు. నట్టు ఒరిపిడి ఒక్కటే చాలకపోవచ్చు. మాండ్రెల్‌కూ కీ గాడి కోసి కీ వేయడమో, చక్ జా పుల్లీ ఆకును నెట్టేలా మధ్యలో బోల్టు అమర్చడమో చేయాలి.

చక్‌లో పట్టని పెద్ద పుల్లీని ఫేస్‌ప్లేట్‌కు ఆకుల సందుల్లోంచి బోల్టులతో బిగించవచ్చు. బరువు ఒకవైపు ఒరిగితే ఎదురుగా తూకం కట్టాలి.

200 మి.మీ. పోత ఇనుప పుల్లీకి హైస్పీడ్ స్టీల్ టూల్‌తో నిమిషానికి సుమారు 30 చుట్లు చాలు. మోటారు వేసేముందు చక్ తాళంచెవి తీసేసి, పుల్లీని చేత్తో పూర్తిగా తిప్పి, బెడ్‌కూ టూల్ పోస్టుకూ ఎక్కడా తగలడం లేదని చూసుకోవాలి.