చెన్నై మెట్రోలో దారి తప్పకుండా

శ్రీసిటీకి మెట్రో రైలు లేదు, మెట్రో పెట్టెలు మాత్రం ఇక్కడే తయారవుతాయి. చెన్నై మెట్రో మొదటి దశకు ఆల్‌స్టామ్ కంపెనీ ఇచ్చిన 42 బండ్లలో తొలి తొమ్మిది బ్రెజిల్ నుంచి వచ్చాయి. మిగతా 33 బండ్లూ మన శ్రీసిటీ ఫ్యాక్టరీవే. ఆ తర్వాత కొచ్చి, లక్నో, సిడ్నీ, మాంట్రియల్ నగరాలకూ ఇక్కడి పెట్టెలు వెళ్లాయి. అయినా తడ, సత్యవేడు, వరదయ్యపాళెం వైపు నుంచి ఆసుపత్రికో విమానాశ్రయానికో చెన్నై వెళ్లేవాళ్లలో చాలామంది సెంట్రల్‌లో దిగగానే ఆటో కోసం వెతుక్కుంటారు. మెట్రోలోకి దిగితే ఎటు తేలతామోనని వాళ్ల బెరుకు.

ఆ బెరుకులో తప్పేమీ లేదు. హైదరాబాద్ మెట్రో అంతా వంతెనల మీదే నడుస్తుంది. కిటికీలోంచి రోడ్డు కనిపిస్తుంది, ఎటు పోతున్నామో కంటికే తెలుస్తుంది. చెన్నైలో ఊరి నడిబొడ్డంతా సొరంగమే. ఎండ ఉండదు, గుడి గోపురం ఉండదు, తూర్పేదో పడమరేదో తెలియదు. మనం రోజూ దారి కనుక్కునే గుర్తులన్నీ అక్కడ మాయమైపోతాయి. వాటి బదులు రెండు గుర్తులు పట్టుకోవాలి. ఒకటి లైను రంగు, రెండోది ఆ లైను చివరి స్టేషన్ పేరు.

చెన్నైలో ప్రస్తుతం నడిచేవి రెండు లైన్లు. నీలం లైను ఉత్తరాన వింకో నగర్ డిపో నుంచి దక్షిణాన విమానాశ్రయం దాకా పోతుంది. ఆకుపచ్చ లైను సెంట్రల్ నుంచి కోయంబేడు మీదుగా సెయింట్ థామస్ మౌంట్ దాకా పోతుంది. బోర్డుల మీద తమిళం, ఇంగ్లిషు ఉంటాయి. తమిళం చదవడం రానివాళ్లకు రంగే పెద్ద ఆసరా. ఇక ప్లాట్‌ఫారం మీద మీరు చూడాల్సింది మీ స్టేషన్ పేరు కాదు, బండి చేరే ఆఖరి స్టేషన్ పేరు. సెంట్రల్ నుంచి తేనాంపేట వెళ్లాలంటే తేనాంపేట బండి అని ఏదీ ఉండదు. విమానాశ్రయం వైపు పోయే నీలం బండి ఎక్కాలి, అది దారిలో తేనాంపేటలో ఆగుతుంది. ఈ ఒక్క ముక్క ఒంటబడితే ఢిల్లీలోనైనా సింగపూర్‌లోనైనా ధైర్యంగా తిరగొచ్చు.

కొత్తవాళ్లు తికమకపడే చోటు ఇంకొకటుంది. సెంట్రల్, ఆలందూరు, ఈ రెండు స్టేషన్లలోనూ రెండు లైన్లూ కలుస్తాయి. కాబట్టి సెంట్రల్ నుంచి ఆలందూరుకు రెండు దారులు. నీలం లైను అణ్ణాసాలై కిందుగా, సైదాపేట, గిండీ మీదుగా పోతుంది, పదో స్టేషనే ఆలందూరు. ఆకుపచ్చ లైను ఎగ్మూరు, అన్నానగర్, కోయంబేడు, వడపళని చుట్టి వస్తుంది, అందులో ఆలందూరు పదిహేనోది. ఏది ఎక్కినా చేరతారు. కానీ విమానం పట్టుకోవాల్సినవాళ్లు నీలం లైనే ఎక్కడం మేలు. వడపళని మురుగన్ గుడికి ఆకుపచ్చ లైనులోనే వెళ్లాలి.

గోడ మీది మ్యాపు చూసేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. అది దూరాలు చూపించే పటం కాదు. లండన్‌లో హ్యారీ బెక్ అనే డ్రాఫ్ట్స్‌మన్ 1931లో ఈ పద్ధతిలో మ్యాపు గీశాడు, 1933లో దాన్ని అచ్చువేసి జనానికి ఇచ్చారు. వంకరలన్నీ తీసేసి నిలువు, అడ్డం, ఏటవాలు గీతలే ఉంచాడు. స్టేషన్ల మధ్య ఎడం ఇంచుమించు సమానంగా పెట్టాడు. కింద ప్రయాణించేవాడికి కావాల్సింది ఏ స్టేషన్ తర్వాత ఏది, ఎక్కడ మారాలి అన్న రెండే విషయాలని ఆయన పట్టుకున్నాడు. నేటికీ ప్రపంచంలోని మెట్రో మ్యాపుల్లో చాలావరకు ఆ బాటలోనే గీస్తున్నారు. అందుకే మ్యాపులో పక్కపక్కన కనిపించే స్టేషన్లు నిజంగా ఎంత దూరమో అందులోంచి లెక్కగట్టకూడదు.

దిగాక ఏ గేటు నుంచి పైకి వస్తామన్నది చాలామంది పట్టించుకోరు, నా దృష్టిలో అదే అన్నిటికన్నా ముఖ్యం. సెంట్రల్ మెట్రో స్టేషన్ ఎంత పెద్దదంటే, ఒక గేటు ఎక్కితే రైల్వే స్టేషన్ దగ్గర తేలతారు, ఇంకోటి ఎక్కితే రోడ్డుకు అవతల రాజీవ్ గాంధీ జనరల్ ఆసుపత్రి వైపు తేలతారు. పైకి వచ్చాక ఆ వెడల్పాటి రోడ్డు దాటడం, అందులోనూ రోగిని పట్టుకుని దాటడం, చిన్న పని కాదు. టికెట్ గేటు దాటగానే బోర్డు ముందు ఒక్క నిమిషం ఆగి, మీరు వెళ్లే చోటికి ఎదురుగా ఏ గేటు గుర్తు రాసి ఉందో చూసుకోండి. అర్థం కాకపోతే అక్కడున్న సిబ్బందిని అడగండి.

పొరపాటున ఎదురు దిక్కు బండి ఎక్కితే కంగారు వద్దు. బయటికి వెళ్లకుండా తర్వాతి స్టేషన్‌లో దిగండి. సొరంగం స్టేషన్లలో సాధారణంగా ఒకటే ప్లాట్‌ఫారం, దానికి చెరో పక్కన చెరో దిక్కు బండి. వెనక్కి తిరిగి పది అడుగులు వేస్తే సరిపోతుంది. వంతెన మీది స్టేషన్లలో ప్లాట్‌ఫారాలు వేరువేరుగా ఉంటాయి కాబట్టి మెట్లు దిగి అవతలి వైపు ఎక్కాలి.

తడ, సూళ్లూరుపేట నుంచి లోకల్ రైల్లో వచ్చేవాళ్లు సెంట్రల్ దాకా పోనక్కర్లేదు. ఆ దారిలోనే వింకో నగర్ రైల్వే స్టేషన్ వస్తుంది. దానికి దగ్గర్లోనే మెట్రో స్టేషన్ ఉంది, 2021 ఫిబ్రవరిలో మొదలైంది. నీలం లైను మొదలయ్యేది ఆ చివరే. అక్కడ విమానాశ్రయం బండి ఎక్కితే మధ్యలో మారే పనే లేదు.

బస్సులో వెళ్లేవాళ్లకు మాత్రం ఇంకా ఇబ్బందే. ఆంధ్ర బస్సులు ఆగే మాధవరానికి మెట్రో ఇంకా రాలేదు, అక్కడి నుంచి సిటీ బస్సో ఆటోనో పట్టుకోవాలి. రెండో దశలో కడుతున్న మూడు మార్గాల్లో రెండు మాధవరం నుంచే మొదలవుతాయి. మూడోది లైట్‌హౌస్ నుంచి పూందమల్లి వైపు వెళ్లేది. డ్రైవర్ లేకుండా నడిచే దాని బండ్లూ శ్రీసిటీలోనే తయారవుతున్నాయి.